కెరటం ముందు కెమెరా

సముద్రం ఫొటోకు తేలిగ్గా లొంగదు. కొండను తీయదలచినవారికి కొండ రేపు కూడా అక్కడే ఉంటుంది. కెరటం ఒక్కసారే లేస్తుంది, విరుగుతుంది, అలాంటిది మళ్లీ రాదు. పైగా తెల్లటి నురగ, తడిసి నల్లబడ్డ రాయి, మండుతున్న ఆకాశం మూడూ ఒకే చట్రంలోకి వచ్చి చేరతాయి. వాటి వెలుగుల మధ్య తేడా చాలా ఎక్కువ. మనిషి కన్ను ఇబ్బంది లేకుండా చూసేసే ఆ తేడాను ఫొటో పలకలూ ఫిల్ములూ చాలాకాలం పూర్తిగా పట్టలేకపోయాయి. తీరంలో కెమెరా నిలిపినవారు మొదటి నుంచీ ఈ రెండింటితోనే, వెలుగు తేడాతోనూ కదలికతోనూ, పెనుగులాడుతూ వచ్చారు. రీలు వెనక్కి తగ్గి డిజిటల్ వచ్చినప్పుడు ఫొటోగ్రఫీలో మారని శాఖ లేదు. అయితే ఆ మార్పుతో ఎక్కువ మేలు జరిగినవారిలో సముద్రం ఒడ్డున నిలబడేవారిని ముందు చెప్పుకోవాలి.

రెండు నెగటివ్‌ల సముద్రం

సముద్రాన్ని ఫొటోలో నిలబెట్టి పేరు తెచ్చుకున్న తొలితరం వారిలో ప్రముఖుడు ఫ్రాన్స్‌కు చెందిన గుస్తావ్ లె గ్రే. 1856, 1857 సంవత్సరాల్లో ఆయన నార్మండీ తీరంలోనూ, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న సెత్ రేవులోనూ ఫొటోలు తీశాడు. అప్పటికి వాడుకలో ఉన్నది తడి కొలోడియన్ పద్ధతి. ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో దాన్ని ప్రకటించాడు. గాజు పలక మీద కొలోడియన్ పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీసి, వెంటనే కడిగేయాలి. ఇదంతా పది పదిహేను నిమిషాల్లో ముగియాలి. అంటే కెమెరాతోపాటు చీకటి గుడారాన్నీ, మందు సీసాలనూ, మంచినీళ్లనూ ఒడ్డుకు మోసుకురావాల్సిందే.

ఆ పలకలతో అసలు ఇబ్బంది వేరే ఉంది. అవి నీలికాంతికి చాలా త్వరగా స్పందిస్తాయి, ఎరుపు పసుపు కాంతుల్ని దాదాపు పట్టించుకోవు. సముద్రం సరిగ్గా పడాలని కావలసినంత సేపు వెలుగు ఇస్తే ఆకాశం మొత్తం తెల్లబోయి మబ్బులు మాయమవుతాయి. మబ్బుల కోసం సమయం తగ్గిస్తే నీళ్లు నల్లటి మరకలా మిగులుతాయి. లె గ్రే దీనికి ఒక ఉపాయం పట్టాడు. సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి ఒక నెగటివ్ విడివిడిగా తీసి, ఒకే కాగితం మీద వాటిని దిగంతరేఖ దగ్గర అతికినట్టు ముద్రించాడు. ఒకే ఆకాశం ఆయన తీసిన వేరు వేరు సముద్రాల మీద కనిపించడమూ ఉంది. దాన్ని మోసం అనడం సరికాదు. కన్ను చూసినదాన్ని కాగితం మీదికి తేవడానికి ఆ కాలపు రసాయనశాస్త్రం మిగిల్చిన కొద్దిపాటి దారుల్లో అదొకటి.

సెత్‌లో 1857లో తీసిన 'మహా తరంగం' ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. విరిగే కెరటమూ, పైన మబ్బులూ రెండూ స్పష్టంగా ఉన్న ఆ ఫొటో నాటి ప్రేక్షకుల్ని నివ్వెరపరచింది. ఆ ఫొటో ప్రతి ఒకటి 1999లో లండన్ వేలంలో 5,07,500 పౌండ్లకు అమ్ముడుపోయింది. అప్పటికి ఒక ఫొటోకు వేలంలో పలికిన ధరల్లో అదే రికార్డు. వార్తాపత్రికల ఫొటోగ్రాఫర్లు రీలు వదిలేయడానికి కారణమైన డిజిటల్ కెమెరా నికాన్ డి1 వెలువడింది కూడా ఆ ఏడాదే.

తూర్పు తీరపు వెలుగు

ఏ తీరంలో నిలబడ్డా సముద్రం ఒకటే అనుకోవడం పొరపాటు. పడమటి తీరంలో, అంటే గోవాలోనో కేరళలోనో, సూర్యుడు సముద్రంలో అస్తమిస్తాడు. ఆంధ్ర తీరంలో సముద్రం నుంచి ఉదయిస్తాడు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఉన్న ఈ తీరం పొడవు పాత లెక్కల ప్రకారం 974 కిలోమీటర్లు. ఇక్కడ ఫొటో తీయాలంటే చీకటి ఉండగానే ఒడ్డు చేరాలి. సాయంత్రం వెలుగు నేల వైపు నుంచి, వీపు వెనక నుంచి వస్తుంది. అది నురగ మీద, పడవల పక్కల మీద, వలలు లాగేవారి ముఖాల మీద మెత్తగా పడుతుంది. ఉదయం ఆకాశానిదైతే సాయంత్రం మనుషులది. తూర్పు తీరంలో రోజంతా గడిపిన ఫొటోగ్రాఫర్లు తమ పనిని ఎక్కువగా ఇలాగే పంచుకుంటారు.

భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ సూర్యుడు నిటారుగా పైకి లేస్తాడు. అందువల్ల ఐరోపాలో ఎక్కువసేపు సాగే తెలవారు కాంతి ఇక్కడ త్వరగా కరిగిపోతుంది. విశాఖపట్నం అక్షాంశం దగ్గర, కళ్లకు దారి కనిపించేంత వెలుగు మొదలైనప్పటి నుంచి సూర్యోదయానికి ఉండే వ్యవధి ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలే. సూర్యబింబం నీటి అంచు మీదికి పూర్తిగా రావడానికి పట్టేది రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ. ఆ రెండు నిమిషాల్లో వెలుగు ఎన్ని రెట్లు పెరుగుతుందో కెమెరా మీటరు చూస్తేనే తెలుస్తుంది.

సూర్యుడు లేచే చోటు కూడా ఏడాది పొడవునా జరుగుతూ ఉంటుంది. జూన్ చివరలో నేరు తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరు చివరలో అంతే దక్షిణంగా ఉదయిస్తాడు. విశాఖ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలి ఉండటం వల్ల రామకృష్ణా బీచ్‌లో నిలబడితే తేడా బాగా కనిపిస్తుంది. శీతకాలంలో సూర్యుడు విశాలమైన నీళ్ల మీద, దాదాపు ఎదురుగా లేస్తాడు. వేసవిలో భీమిలి వైపు బాగా జరిగిపోతాడు. విశాఖకూ భీమిలికీ మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బల మీద తొలి ఎండ పడినప్పుడు వాటి రంగు చూసితీరాలి. ఆ ఎరుపును సరిగ్గా పట్టడం ఫిల్ముకూ పరీక్షే, డిజిటల్‌కూ పరీక్షే.

వెలుగు తర్వాత లెక్కలోకి వచ్చేవి ఆటుపోట్లు. బంగాళాఖాతపు ఈ ఒడ్డున రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందువల్ల ప్రతిరోజూ పోటు వేళ 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీటిమట్టం తేడా ఎక్కువ. నీరు వెనక్కి తగ్గేటప్పుడు తడి ఇసుక అద్దంలా మారి ఆకాశాన్నంతా తనలో చూపిస్తుంది. సూర్యోదయమూ ఆటూ ఒకే వేళకు కలిసిరావడం నెలలో కొన్ని రోజులే జరుగుతుంది. ఆ రోజుల్ని ముందుగా గుర్తించి పెట్టుకోవడం ఈ పనిలో సగం. ఆటుపోట్ల పట్టికలు ఎప్పటి నుంచో ఉన్నాయి. 1999లో హైదరాబాద్‌లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఇచ్చే అలల ఎత్తు, గాలి సూచనలు వాటికి తోడయ్యాయి. అవి ప్రధానంగా వేటకు వెళ్లే మత్స్యకారుల కోసం. ఒడ్డున రాళ్ల మీద కెమెరా నిలిపేవారికి కూడా ప్రాణరక్షణ అవే. యారాడ, రుషికొండ వంటి చోట్ల సముద్రానికి వీపు తిప్పి నిలబడటం ఎంత ప్రమాదమో స్థానికులు ప్రతి కొత్తవారికీ చెబుతూనే ఉంటారు.

ముప్పై ఆరు ఫొటోల రోజులు

35 మిల్లీమీటర్ల రీలులో ఉండేవి 36 ఫొటోలు. సముద్రం దగ్గర అవి ఎంత త్వరగా అయిపోతాయో ఆ కాలంలో పనిచేసిన ప్రతివారికీ తెలుసు. కెరటం ఎప్పుడు విరుగుతుందో సరిగ్గా అంచనా వేయలేం కాబట్టి ఒకే దృశ్యానికి నాలుగైదు ఫొటోలు ఖర్చవుతాయి. వెలుగు లెక్క మీద నమ్మకం చాలక ఒకటి సరిగ్గా, ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా మూడేసి తీసేవారు. అలా తీస్తే రీలులో మిగిలేవి పన్నెండు దృశ్యాలే. రీలు మార్చాలంటే కెమెరా వీపు తెరవాలి. గాలికి లేచే ఇసుక ఒక్క రేణువు లోపల పడినా చాలు, రీలు తిరుగుతున్నకొద్దీ ప్రతి ఫొటో మీదా పొడవాటి గీత పడుతుంది.

ఫిల్ము వేగం కూడా రీలు మొత్తానికీ ఒకటే. తెల్లవారకముందు మసక వెలుగులో 400 వేగం కావాలి. గంట తర్వాత ఎండలో 100 చాలు, 50 అయితే ఇంకా మంచిది. మధ్యలో మార్చే వీలు లేదు. అందుకే చాలామంది రెండు కెమెరాలు మోసేవారు. రంగు స్లైడ్లలో కోడాక్రోమ్, 1990లో వచ్చిన ఫ్యూజీ వెల్వియా వంటివి అపురూపమైన రంగులిచ్చేవి. వాటితో పేచీ ఏమిటంటే అవి భరించగలిగే వెలుగు తేడా ఐదారు స్టాపులకు మించదు. ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం. సముద్రతీరంలో నురగకూ రాయి నీడకూ మధ్య అంతకంటే ఎక్కువ తేడా ఉండటం మామూలు. స్లైడులో నురగను కాపాడితే రాయి నల్లగా పోతుంది, రాయిని చూపితే నురగ గాజులా ఖాళీ అవుతుంది. మామూలు నెగటివ్ ఫిల్ము ఈ విషయంలో ఉదారమైనది. వెలుగు కాస్త ఎక్కువైనా సర్దుకుంటుంది. అందుకే నెగటివ్ వాడేవారు నీడల్ని చూసి లెక్క కట్టేవారు, స్లైడు వాడేవారు వెలుతుర్ని చూసి లెక్క కట్టేవారు.

మీటరు కూడా సముద్రం దగ్గర తప్పుదారి పట్టిస్తుంది. కెమెరాలోని మీటరు తన ముందున్నది సగటు బూడిదరంగు అనుకుని లెక్క చెబుతుంది. తెల్లటి ఇసుక, నురగ నిండిన దృశ్యాన్ని చూపితే దాన్నీ బూడిదరంగులోకి దించుతుంది. ఫొటో మసకబారి, నురగ మురికిగా కనిపిస్తుంది. మీటరు చెప్పినదానికంటే ఒకటి, ఒకటిన్నర స్టాపు ఎక్కువ ఇస్తేనే నురగ తెల్లగా వస్తుంది. ఈ సంగతి పుస్తకంలో ఒక వాక్యం. తీరంలో నేర్చుకునేటప్పుడు మాత్రం కొన్ని రీళ్ల ఖరీదు, కొన్ని నెలల కాలం. ఎందుకంటే తప్పు బయటపడేది రీలు కడిగించిన తర్వాతే. అప్పటికి ఆ ఉదయమూ పోయింది, ఆ కెరటమూ పోయింది. ఏ ఫొటోకు ఎంత వెలుగు ఇచ్చారో పుస్తకంలో రాసుకున్నవారు మాత్రమే తప్పు ఎక్కడ జరిగిందో పోల్చుకోగలిగేవారు.

షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచి, అలల్ని పొగమంచులా చూపించే ఫొటోలకు ఇంకో గండం ఉండేది. వెలుగు తక్కువై సమయం పెరిగేకొద్దీ ఫిల్ము మందగిస్తుంది. ఒక సెకను దాటాక మీటరు చెప్పిన సమయం చాలదు. ఎక్కువమంది ఇష్టపడిన నలుపు తెలుపు ఫిల్ము కోడాక్ ట్రై-ఎక్స్‌కు, మీటరు 10 సెకన్లు చెబితే 50 సెకన్లు ఇవ్వాలని తయారీదారే సూచించేవాడు. ఒక్కో ఫిల్ముకు ఒక్కో లెక్క. ఆ పట్టికలు చొక్కా జేబులో ఉండేవి.

మన దేశంలో ఫిల్ము తయారీకి 1960లో ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఏర్పడింది. 'ఇందు' పేరుతో అది తెచ్చిన నలుపు తెలుపు ఫిల్ము ఎందరో స్టూడియో ఫొటోగ్రాఫర్లకు అన్నం పెట్టింది. రంగు ఫిల్ము మాత్రం ఎక్కువగా విదేశీ కంపెనీలదే. కడిగించే ఖర్చూ ఎక్కువే. అందువల్ల సముద్రాన్ని సముద్రం కోసమే తీయడం చాలాకాలం డబ్బున్నవారి అభిరుచిగానో, పత్రికల పనిగానో మిగిలిపోయింది. ఒడ్డున తిరిగే ఫొటోగ్రాఫర్లు యాత్రికుల్ని కెరటాల ముందు నిలబెట్టి తీసి, అడ్రసు రాసుకుని, ఫొటోలు పోస్టులో పంపేవారు. తెలుగు ఇళ్ల ఆల్బముల్లో ఉన్న పాత సముద్రం ఫొటోలు చాలావరకు అలా వచ్చినవే.

చిప్ వచ్చిన తీరు

ఫిల్ముకు బదులుగా వెలుగును విద్యుత్తుగా మార్చే సీసీడీ చిప్‌ను 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించారు. 2009లో వారికి నోబెల్ బహుమతి దక్కింది. 1975లో కోడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ తొలి డిజిటల్ కెమెరాను తయారుచేశాడు. దాని బరువు దాదాపు 3.6 కిలోలు. ఫొటోలో ఉండేవి 10 వేల చుక్కలు. ఒక్క ఫొటోను క్యాసెట్ మీద రాయడానికి 23 సెకన్లు పట్టేది. దాన్ని టీవీ తెర మీద చూడాలి. మరుసటి ఏడాదే అదే కంపెనీకి చెందిన బ్రైస్ బేయర్‌కు, చిప్ మీద రంగు జల్లెడ అమర్చే పద్ధతికి పేటెంట్ వచ్చింది. అందులో సగం గళ్లు ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. నేటి ఫోన్లలో ఉన్న కెమెరాల్లో కూడా ఎక్కువగా ఆ అమరికే కొనసాగుతోంది.

1991లో కోడాక్, నికాన్ ఎఫ్3 కెమెరాకు 13 లక్షల చుక్కల చిప్ తగిలించి అమ్మింది. ధర ఇరవై వేల డాలర్ల దరిదాపులో ఉండేది కాబట్టి సామాన్యుల దాకా రాలేదు. 1999 నాటి నికాన్ డి1 లో 27 లక్షల చుక్కలు. 2003లో కెనాన్ 300డి వెయ్యి డాలర్ల లోపు ధరకు రావడంతో ఇష్టంకొద్దీ ఫొటోలు తీసేవారికి తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత అంతా వేగంగా జరిగిపోయింది. 2006లో నికాన్ తన ఫిల్ము కెమెరాల్లో ఎక్కువ వాటిని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2009లో కోడాక్రోమ్ తయారీ ఆగింది. దాన్ని కడిగే చిట్టచివరి ల్యాబ్, అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఉన్నది, 2010 డిసెంబరు 30 తర్వాత రీళ్లు తీసుకోలేదు. 2012 జనవరిలో కోడాక్ దివాలా రక్షణ కోరింది. తొలి డిజిటల్ కెమెరాను చేసిన సంస్థే డిజిటల్ దెబ్బకు కుదేలవడం ఈ చరిత్రలో బాధ కలిగించే ఘట్టం.

ఒడ్డున మారినవి

డిజిటల్ వల్ల తీరంలో వచ్చిన మార్పుల్లో పెద్దది ఫొటో నాణ్యత అనుకుంటారు చాలామంది. మొదటి పదేళ్లలో డిజిటల్ నాణ్యత మంచి స్లైడుకు సరితూగేది కూడా కాదు. అసలు మార్పు తప్పు తెలిసే వేళలో వచ్చింది. రీలు రోజుల్లో తప్పు చీకటి గదిలో బయటపడేది. ఇప్పుడు కెమెరా వెనక తెర మీద, ఇంకా నీళ్లలో నిలబడి ఉండగానే బయటపడుతుంది. తర్వాతి కెరటం వచ్చేలోగా దిద్దుకోవచ్చు. మళ్లీ రాని దృశ్యాన్ని పట్టేవారికి ఇంతకంటే పెద్ద వరం లేదు. నెలలు పట్టే చదువు కొన్ని ఉదయాల్లో వస్తోంది. దీన్ని తేలిక దారి అని కొందరు పాతవారు చిన్నచూపు చూశారు. ఆ మాటలో న్యాయం లేదు. చదువు త్వరగా అందడం వల్ల చదువు విలువ తగ్గదు.

ఈ దిద్దుబాటుకు ఆధారం హిస్టోగ్రామ్ అనే చిన్న పటం. ఫొటోలోని చీకటి ఎడమ వైపు, వెలుగు కుడి వైపు గుట్టలుగా కనిపిస్తాయి. కుడి అంచుకు గుట్ట కొట్టుకుంటే నురగ పోయినట్టే. చిప్‌లో ఒక్కో చుక్క ఒక గిన్నె లాంటిది. వెలుగు నిండాక ఇంకా పోస్తే పొర్లిపోతుంది, ఆ పొర్లినది తిరిగి రాదు. నెగటివ్ ఫిల్ము అలా ఒక్కసారిగా చేతులెత్తేయదు, మెల్లగా సర్దుకుంటుంది. అందువల్ల రీలు నుంచి డిజిటల్‌కు మారినవారు తమ అలవాటును తలకిందులు చేసుకోవాల్సి వచ్చింది. నీడల్ని ఇంటికెళ్లాక కంప్యూటర్‌లో పైకి తేవచ్చు, నురగను మాత్రం అక్కడే కాపాడుకోవాలి. సూర్యోదయ వేళ ఇంకో జాగ్రత్త అవసరం. ఆకాశం కాషాయ రంగులో ఉన్నప్పుడు ఎరుపు గళ్లు మిగతావాటికంటే ముందు నిండిపోతాయి. మొత్తం పటం బాగానే ఉన్నట్టు కనిపిస్తూ ఎరుపు మాత్రం పొర్లి, సూర్యుడి చుట్టూ రంగు పచ్చబారి ముద్దలా తయారవుతుంది. మూడు రంగుల పటాలను విడివిడిగా చూసే అలవాటు ఉంటే ఇది తప్పుతుంది.

ఫిల్ము వేగాన్ని ఫొటో ఫొటోకూ మార్చుకోగలగడం మరో సుఖం. చీకట్లో 1600, ఎండలో 100, ఒకే కెమెరాతో. విరిగే కెరటాన్ని గాజులా ఆపాలంటే సెకనులో వెయ్యో వంతు కావాలి. వెనక్కి మళ్లే నురగ ఇసుక మీద గీసే గీతలు కావాలంటే అర సెకను నుంచి ఒక సెకను. సముద్రం పొగమంచులా కావాలంటే అర నిమిషమో అంతకంటే ఎక్కువో. పగటి వెలుగులో అంతసేపు తెరవడానికి ముదురు బూడిదరంగు ఫిల్టరు వాడతారు. పది స్టాపుల ఫిల్టరు వెలుగును సుమారు వెయ్యో వంతుకు తగ్గిస్తుంది. ఫిల్ము లాగా చిప్ మందగించదు కాబట్టి పాత పట్టికల అవసరం పోయింది. బదులుగా చిప్ వేడెక్కి, నల్లని చోట్ల రంగు చుక్కలు పుడతాయి. వాటిని తొలగించడానికి చాలా కెమెరాలు అంతే సమయం మూతపెట్టి ఇంకో ఫొటో తీసుకుని, మొదటిదానిలోంచి దాన్ని తీసివేస్తాయి.

లె గ్రే రెండు నెగటివ్‌ల ఉపాయం డిజిటల్‌లో కొత్త ప్రాణం పోసుకుంది. ఆకాశానికి ఒకటి, నీళ్లకు ఒకటి తీసి కంప్యూటర్‌లో కలపడం తీరంలో పనిచేసేవారికి రోజువారీ పద్ధతి అయింది. 2010లో ఐఫోన్‌లో హెచ్‌డీఆర్ అనే సదుపాయం వచ్చాక ఆ పని ఫోనే చేయడం మొదలుపెట్టింది. బీచ్‌లో ఫోను పైకెత్తి తీసే చాలా సూర్యోదయాల వెనక ఇప్పుడు వేర్వేరు వెలుగుల్లో తీసిన కొన్ని ఫొటోలు రెప్పపాటులో కలుస్తున్నాయి.

నీటి లోపల తీసేవారికి ఈ మార్పు ఇంకా పెద్దది. ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని బన్యూల్స్‌లో లూయీ బుతాన్ 1893లో నీటి అడుగున ఫొటోలు తీశాడు. ఆ తర్వాత వందేళ్లపాటు నీటిలో మునిగినవారికి రీలులో ఉన్న ఫొటోలే గతి. రీలు అయిపోతే పైకి రావాల్సిందే, నీటిలో మార్చడం అసాధ్యం. ఎదురుగా తాబేలు వచ్చినప్పుడు రీలులో ఒక్క ఫొటో కూడా మిగలకపోవడం మామూలు బాధ. ఇప్పుడు ఒక్క కార్డులో వేల ఫొటోలు పడతాయి. నీరు ముందు ఎరుపును పీల్చేస్తుంది కాబట్టి కొన్ని మీటర్ల లోతుకే అన్నీ నీలి ఆకుపచ్చగా మారతాయి. ఆ రంగును అక్కడికక్కడే కొంతవరకు సరిచేసుకోవడం కూడా డిజిటల్ ఇచ్చినదే.

ఒడ్డున ఫొటోలు తీసి బతికేవారి వృత్తి మాత్రం ఒడిదొడుకులు పడింది. డిజిటల్ వచ్చిన కొత్తలో సంచిలో చిన్న ప్రింటరు పెట్టుకుని, తీసిన వెంటనే ఫొటో చేతికిచ్చే వీలు కలిగి, పోస్టులో పంపే బెడద తప్పి రాబడి బాగుంది. తర్వాత ప్రతి చేతిలోకీ ఫోను వచ్చేసరికి గిరాకీ పడిపోయింది.

దీనికి ఎదురుగా చెప్పుకోవలసిన సంతోషం ఒకటుంది. రీలు కాలంలో మత్స్యకారుల జీవితం ఫొటోల్లోకి ఎక్కువగా బయటివారి కంటితోనే వచ్చింది. తెప్ప ఒడ్డు దిగడం, అలివి వల లాగడం, తట్టల్లో చేపలు మోయడం, అన్నీ ఇసుక మీద నిలబడి తీసినవే. ఖరీదైన కెమెరాను, ఉప్పునీటికి పాడయ్యే రీలును వేట పడవలోకి తీసుకెళ్లినవారు అరుదు. ఇప్పుడు పడవలో ఉన్నవారి జేబులోనే ఫోను ఉంది. నడిసముద్రంలో తుఫాను మబ్బు, వలలో పడిన అరుదైన చేప, దూరంగా గీతలా కనిపించే తమ ఊరి ఒడ్డు, వీటన్నిటినీ వారే తీస్తున్నారు. సముద్రం నుంచి ఒడ్డును చూసిన ఫొటోలు ఇంత పెద్ద సంఖ్యలో రావడం ఇదే మొదలు. తెలుగు తీరపు చిత్ర చరిత్రలో ఈ మలుపుకు దక్కవలసిన గుర్తింపు ఇంకా దక్కలేదు.

మారనివి

ఉప్పు మారలేదు. అలల తుంపర గాలిలో కలిసి లెన్సు మీద, కెమెరా కీళ్లలో చేరుతుంది. ఇంటికి రాగానే మంచినీటిలో తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడవాలి. పొడి గుడ్డతో రుద్దితే ఉప్పు పలుకులే అద్దాన్ని గీస్తాయి. ట్రైపాడ్ కాళ్లను విడదీసి కడగాలి. కోస్తా తేమకు లెన్సు లోపల సాలెగూడులా బూజు పడుతుంది కాబట్టి గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో దాచాలి. రీలు ఉన్నప్పుడు ఇసుక గీతల భయమైతే ఇప్పుడు చిప్ మీద దుమ్ము భయం. ఫిల్ము ప్రతి ఫొటోకూ కొత్తగా ముందుకు వస్తుంది, చిప్ కదలదు. దాని మీద ఒకసారి పడిన దుమ్ము తుడిచేదాకా ప్రతి ఆకాశంలోనూ అదే చోట మచ్చ వేస్తుంది. అందుకే ఒడ్డున లెన్సు మార్చకపోవడం మేలు.

ఎదురుచూపు కూడా మారలేదు. జపాన్‌కు చెందిన హిరోషి సుగిమోటో 1980 నుంచి ప్రపంచంలోని రకరకాల సముద్రాలను పెద్ద ఫిల్ము కెమెరాతో నలుపు తెలుపులో తీశాడు. ప్రతి ఫొటోలోనూ సగం నీరు, సగం ఆకాశం, మధ్యలో దిగంతరేఖ. పడవ లేదు, పక్షి లేదు, మనిషి లేడు. ఆ ఫొటోల బలం ఆయన చూపులో, ఓపికలో ఉంది. అదే చూపు లేకుండా కార్డు నిండా వేల ఫొటోలు నింపుకొచ్చినవారికి సాయంత్రం వాటిలో ఒకటి ఎంచుకోవడమే కష్టమవుతుంది.

పాత ఒడ్డుకు సాక్ష్యాలు

సముద్రం ఫొటోకు అందం కాక ఇంకో విలువ ఉంది. ఒడ్డు ఒకచోట నిలవదు. చెన్నైలోని జాతీయ తీరప్రాంత పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలతో చేసిన అధ్యయనంలో దేశ తీరంలో సుమారు మూడో వంతు కోతకు గురవుతున్నట్టు తేలింది. కాకినాడ దగ్గరి ఉప్పాడలో సముద్రం ఇళ్లనూ రోడ్డునూ మింగుతూ వస్తోంది. రాళ్లు పోసినా, ఇసుక నింపిన గొట్టాల గోడ కట్టినా కోత ఆగలేదు. అలాంటి ఊళ్లలో ముప్పై నలభై ఏళ్ల నాటి ఒక కుటుంబ ఫొటో, వెనకాల కనిపించే గుడితోనో కొబ్బరిచెట్లతోనో, ఒడ్డు అప్పుడు ఎంత దూరంలో ఉండేదో చెప్పే ఆధారం. ఉపగ్రహ చిత్రం ఒడ్డు గీతను చూపిస్తుంది. ఆ గీత వెనక ఏ వీధి ఉండేదో, ఎవరి అరుగు ఉండేదో ఫొటో చూపిస్తుంది.

ఈ సాక్ష్యాలు రెండు రకాలుగా పోతున్నాయి. నెగటివ్‌లూ ప్రింట్లూ తేమకు అతుక్కుపోయి, రంగు వెలిసి, తుఫానుకు తడిసి పోతున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు నీరు చొచ్చిన ఇళ్లలో ముందు పాడైనవి కాగితాలూ ఆల్బములే. డిజిటల్ ఫొటోలు ఇంకా నిశ్శబ్దంగా పోతాయి. ఫోను మారినప్పుడు, కార్డు చెడినప్పుడు, పాస్‌వర్డు మరిచినప్పుడు వందల ఫొటోలు ఒక్కసారిగా మాయమవుతాయి. తీసిన తేదీ, వేళ, కొన్నిటిలో తీసిన చోటు కూడా ఫైలులోనే ఉంటాయి కాబట్టి భద్రపరిస్తే రీలు ఫొటో కంటే ఇవే బలమైన సాక్ష్యం. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో ఆ వివరాలు నిలవవు, నాణ్యతా తగ్గుతుంది. అందుకే అసలు ఫైలునే దాచాలి.

తీరప్రాంతాల్లో ఇల్లున్న పాఠకులు ఈ వానాకాలం ముదరకముందే పాత ఆల్బములు తెరిచి, సముద్రం కనిపించే ప్రతి ఫొటోనూ స్కాన్ చేయించండి. నెగటివ్ దొరికితే ప్రింటుకు బదులు నెగటివ్‌నే స్కాన్ చేయించండి, వివరాలు ఎక్కువ వస్తాయి. ఊరు, ఒడ్డున ఏ చోటు, ఏ సంవత్సరం అన్నవి ఇంట్లో పెద్దవారిని అడిగి ఫైలు పేరులోనే రాయండి. మూడు ప్రతులు ఉంచి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర పెట్టండి. వీలైతే అదే చోటుకు వెళ్లి, అదే వైపు తిరిగి, ఫోనుతో ఇంకొక ఫొటో తీసి దాని పక్కన చేర్చండి.